మొదటి నంబరు కార్డు

16 నవంబర్ 1997, ఆదివారం. సాయంత్రం 6

కాళ్ళు లాగేస్తున్నాయి. మూడు వందల పన్నెండు మందిని చూశాం. నేను ఈ కంటి వైద్య ట్రస్టులో చేరాక ఇదే మొదటి పెద్ద క్యాంపు.

బహదూర్‌పురా స్కూల్లో పెట్టారు. మా ఇంటికి రెండు వీధుల అవతలే కాబట్టి ఆటో బాధ తప్పింది. క్యాంపు పెట్టించేది బసవయ్యగారు. పత్తర్‌గట్టిలో మూడు తరాలుగా బట్టల హోల్‌సేల్ వాళ్ళది. తండ్రి వర్ధంతికి అన్నదానం చేసి ఊరుకోకుండా ఈ ఏటినుంచి ఏటా ఇలా ఉచిత కంటి పరీక్షలు చేయిస్తారట. టెంటు ఆయనదే, భోజనాలు ఆయనవే.

నేను డాక్టర్ని కాను, ఆప్తాల్మిక్ అసిస్టెంట్‌ని. ఆ మాట పొద్దున్నుంచి నలుగురికి చెప్పాను. ఐదో మనిషి దగ్గర విసుగొచ్చి మానేశాను. ఇక ఇక్కడ నేను డాక్టరమ్మనే. అసలు డాక్టరు ప్రహ్లాద్‌గారు పక్క గదిలో ఉంటారు. అనుమానం ఉందని నేను పంపినవాళ్ళనే ఆయన చూస్తారు. అంటే నా దగ్గర తప్పిపోయినవాడు పూర్తిగా తప్పిపోయినట్టే.

పని ఇదీ. ముందు చార్టు చదివించాలి. తర్వాత మనిషిని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, కంట్లో మత్తు చుక్క వేసి, కనుగుడ్డు మీద టోనోమీటర్ నిలబెట్టి ప్రెషర్ చూడాలి. చార్టు కంటే ఇదే ముఖ్యం. ఆ ప్రెషర్ పెరిగి కంటి నరం పాడయ్యేదే గ్లకోమా. అది ఉన్నవాడు కూడా చార్టు చివరి వరసదాకా చదివేస్తాడు. ముందు పోయేది పక్కచూపు. ఎదుటి చూపు ఆఖరిదాకా ఉంటుంది, అందుకే ఎవరూ కనిపెట్టరు. నొప్పి ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు. ముందే పట్టుకుంటే రోజూ చుక్కలు వేసుకుని ఉన్నది నిలుపుకోవచ్చు. మా తెనాలి వైపు నీటికాసులంటారు. ఇక్కడ కాలా మోతియా అంటేనే తెలుస్తుంది.

ఇదంతా బసవయ్యగారు మైకులో నాకంటే బాగా చెప్పారు. సగం తెలుగు, సగం ఉర్దూ. వెనక వరసలో ముసలాళ్ళు కూడా తలలూపారు.

ఇక్కడ రిబ్బను కత్తిరించడం లేదు. క్యాంపు పెట్టించినాయన కళ్ళే మొదట పరీక్ష చేస్తారు, అదే ప్రారంభోత్సవం. పేపరు ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చుని చివరి వరస గుక్క తిప్పుకోకుండా చదివారు. చప్పట్లు. మొదటి నంబరు కార్డు.

తర్వాత పడుకోవాలి. పిల్లల బెంచీలు రెండు కలిపి దుప్పటి పరిచాం. ఆయన మెడలో చామంతుల దండ, ఒంటి మీద పట్టు లాల్చీ, చుట్టూ రెండు వందల మంది. నేను బెంచీ వైపు చూశాను. లైను నడిపించే ఆగయ్య నా చూపు పట్టేసి దగ్గరికొచ్చాడు.

"గింతమంది ముంగట సేటును పండవెడ్తమా అమ్మా?"

నిజమే అనిపించింది. అంత పెద్దమనిషి దండ తీయించి, వెల్లకిలా పడుకోబెట్టి, రెప్పలు విప్పదీసి పట్టుకుంటే ఏం బాగుంటుంది?

కానీ రిపోర్టులో ఏ గడీ ఖాళీగా ఉండకూడదని ట్రస్టు ఆర్డరు. సాయంత్రం కార్డులు రిజిస్టర్లోకి ఎక్కిస్తుంటే ఒకటో నంబరు దగ్గర ప్రెషర్ గడి బోసిగా ఉంది. రెండు కళ్ళకీ 17.3 అని కార్డు మీదా రిజిస్టర్లోనూ రాశాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎక్కువ మందికి టోనోమీటర్ ముల్లు ఐదు మీద ఆగుతుంది, పట్టికలో ఐదుకి ఎదురుగా ఉండేది 17.3.

చిన్న విషయం. అయినా ఎందుకో రాయాలనిపించి రాస్తున్నాను.


17 నవంబర్ 1997

పేపర్లో ఫోటో పడింది. బసవయ్యగారు, చార్టు, నా ఎడమ మోచేయి.


15 నవంబర్ 1998, ఆదివారం

రెండో ఏడు. నాలుగు వందలు దాటారు. మళ్ళీ మొదటి కార్డు, మళ్ళీ చప్పట్లు, మళ్ళీ 17.3. పోయినేడు పెన్ను కాసేపు ఆగింది. ఈసారి ఆగలేదు.

మూడింటికల్లా మత్తు చుక్కలు అయిపోయాయి. లైనులో ఇంకా యాభై మంది ఉన్నారు. కూలి పనులవాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు. ఇంకోరోజు రమ్మంటే రారు. ఖాళీ కార్డులతో పంపితే ట్రస్టు ఊరుకోదు. నేనేం చేశానో ఇక్కడ రాయను.


2 డిసెంబర్ 1998

బసవయ్యగారి భార్య విమలాదేవిగారు భోజనానికి పిలిచారు. మనిషి నెమ్మది. కొసరి కొసరి వడ్డిస్తారు. పూజగదిలో దేవుడి పటాల పక్కనే ఒక ప్లాస్టిక్ ఫైలు చూపించారు. అందులో మా కార్డులు రెండూ ఉన్నాయి. ఆవిడ వాటిని కళ్ళకద్దుకుని మళ్ళీ లోపల పెట్టారు. ఎందుకంత భక్తి అని నవ్వుతూ అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది.

వాళ్ళ మామగారికి చివరి ఆరేళ్ళు చూపు లేదట. కాలా మోతియా. ఆ భయంతోనే ఈయన క్యాంపులు మొదలుపెట్టారట. ఏటా మా కార్డు ఇంటికి రాగానే ఆవిడకి గండం గడిచినట్టు ఉంటుందట.

తండ్రికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ఇది ప్రతి క్యాంపులోనూ నేను చెప్పే రెండో వాక్యం. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కారం ఎక్కువైందేమోనని ఆవిడ పెరుగు వేశారు.

వచ్చే ఏడు తప్పకుండా పడుకోబెట్టి చూడాలి. వచ్చే ఏడు ఎందుకు, రేపే వెళ్ళి చూడొచ్చు. కానీ వెళ్ళి ఏమని చెప్పాలి?


21 నవంబర్ 1999, ఆదివారం

చూడలేదు. ఈసారి కుర్చీలో పక్కన ఒక కార్పొరేటరు కూడా కూర్చున్నాడు. ఇద్దరికీ 17.3.


19 నవంబర్ 2000, ఆదివారం. సాయంత్రం 5

వరసగా రాస్తాను. రాస్తేగానీ నాకు నమ్మకం కుదిరేలా లేదు.

పొద్దున్న వేదిక ఎక్కేటప్పుడు బసవయ్యగారి కుడి తొడ మైకు బల్లకి కొట్టుకుంది. బల్ల అడ్డంగా పెట్టావని ఆగయ్యని తిట్టారు. బల్ల నాలుగేళ్ళుగా అక్కడే ఉంటోంది.

కుడి పక్కనుంచి ఒక ముసలాయన నమస్కారం పెట్టాడు. ఈయన పలకలేదు. ముసలాయన చేతులు అలాగే కాసేపు పట్టుకుని, సేటుకి తలపొగరు ఎక్కిందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

టీ కప్పు ఎక్కడని అడిగారు. కప్పు ఆయన మోచేతి పక్కనే ఉంది.

మైకు ముందు నిలబడి, పక్కనున్నది కనపడకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలని చక్కగా చెప్పారు. తర్వాత చార్టు చివరి వరస చదివారు. ఎప్పటిలాగే గడగడా.

నేను రాసింది: 17.3, 17.3. ఇన్ని చూసిన తర్వాత కూడా. నా చేతిని నేనే కొట్టుకోవాలి.


23 నవంబర్ 2000, గురువారం. మధ్యాహ్నం 3

బసవయ్యగారి షాపుకి వెళ్ళాను. జాకెట్ గుడ్డలు కావాలని అబద్ధం.

అక్కడ ఆయన కూర్చునే తీరు చూశాక సగం సంగతి అర్థమైంది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, వెనక దిండు. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. తానులు పనివాళ్ళే తెచ్చి ఎదురుగా విప్పుతారు. టీ ఎదురుగా పెడతారు. ఫోను తెచ్చి ఎదురుగా పెడతారు. బేరానికొచ్చినవాడు ఎదురుగా కూర్చుంటాడు. అన్నీ ఎదుటికే వచ్చే మనిషికి పక్కచూపు పోయిందని ఎలా తెలుస్తుంది? నేతలో ఒక్క పోగు తప్పినా ఇప్పటికీ ఆయనే పట్టుకుంటారట, పనివాళ్ళు గొప్పగా చెప్పారు.

ఆయన కుడి పక్కన కూర్చున్నాను. ఎర్ర గుడ్డ చేతికి చుట్టుకుని ఆయన చెవి దగ్గర ఊపాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. మెల్లగా ముందుకు తెచ్చాను. చెంప దాటింది. కంటి కొస దాటింది. దాదాపు ముక్కు ముందుకి వచ్చాక ఆయన ఉలిక్కిపడి, రంగు బాగుంది తీసుకోండి అన్నారు.

ఎడమ పక్క కొంచెం మేలు. కొంచెమే.

పనివాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. రెండు గుడ్డలు కొనుక్కుని బయటపడ్డాను. చార్మినార్ వైపు జనం తోసుకుంటున్నారు. ఆ తోపులాటలో నిలబడి ఏడ్చాను. ఎవరూ పట్టించుకోలేదు, అది మేలైంది.


24 నవంబర్ 2000

ఈ రోజు చెప్తాను.


25 నవంబర్ 2000

చెప్పలేదు.


7 జనవరి 2001, ఆదివారం

నెల పైన అయింది. కారణాలు చాలా రాసుకున్నాను. నేను చెప్తే ఆయన క్యాంపులు మానేస్తారు, బీదవాళ్ళు నష్టపోతారు అని ఒకటి. ఇప్పుడు కాదు, ముందు ట్రస్టుకి చెప్పాలి అని ఒకటి. అవన్నీ చించేశాను. నా ఉద్యోగం పోతుందని భయం. నలుగురిలో దొంగలా నిలబడాలని భయం. అంతే.

ఈ రోజు లక్ష్మీకాంత్‌తో చెప్పాను. మా ఆయన సెక్రటేరియట్ గుమస్తా. ఫైలు భాషలోనే ఆలోచిస్తారు. 17.3 నార్మలే కదా, నార్మల్ మనిషికి నార్మల్ రాశావు, రేపు ఎవరైనా అడిగితే మధ్యలో పెరిగిందని చెప్పు, అన్నారు. వెంటనే పేపరు తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే నేను ఆయన దగ్గరికి వెళ్ళింది ఆ మాట అనిపించుకోవడానికే.


19 ఫిబ్రవరి 2001, సోమవారం

విమలాదేవిగారు ఆఫీసుకి వచ్చారు. చేతిలో స్వీటు డబ్బా.

బసవయ్యగారు ఈమధ్య గుమ్మాలకి కొట్టుకుంటున్నారని కొడుకు అనురాగ్ ఆయన్ని దగ్గర్లో ఎవరో కంటి డాక్టరుకి చూపించాడట. విమలాదేవిగారు మా ఫైలు తీసుకెళ్ళారట. ఆ డాక్టరు నాలుగేళ్ళ కార్డులూ తిరగేసి, ప్రెషర్ ఎప్పుడూ ఒక్కలాగే ఉంది, తండ్రి జబ్బు ఈయనకి రాలేదు, ఇది మామూలు శుక్లం మొదలవుతోంది, ముదిరాక ఆపరేషన్ చేయొచ్చు, ఏడాది ఆగండి అన్నాడట. మళ్ళీ ప్రెషర్ చూడలేదు. కార్డు ఉంది కదా.

ఆవిడ మొహం వెలిగిపోతోంది. మీ దయ వల్ల బతికిపోయాం అంటూ నా చేతిలో బర్ఫీ పెట్టారు.

తిన్నాను.


20 ఫిబ్రవరి 2001. ఉదయం 6

జూ లోంచి సింహం అరుస్తోంది. ఈ బస్తీలో అందరికీ అలవాటే, ఎవరూ నిద్ర లేవరు. నేను లేచే ఉన్నాను.

నా నంబరు చూసి ఒక డాక్టరు ఏడాది ఆగమన్నాడు. ఏడాదిలో ఏం మిగులుతుందో నాకు తెలుసు.


11 ఏప్రిల్ 2001

రెండుసార్లు ఆ షాపు దాకా వెళ్ళాను. రెండుసార్లూ మెట్ల దగ్గరినుంచే తిరిగొచ్చాను.


14 జూన్ 2001, గురువారం

బసవయ్యగారిని తోపుడు బండి గుద్దింది. పత్తర్‌గట్టి నడిబజార్లో, షాపు ముందే. బండి కుడి వైపునుంచి వచ్చింది. కుడి మణికట్టు విరిగింది. ఎండకి కళ్ళు తిరిగాయని అందరికీ చెప్తున్నారట.

ఇక చాలు.


18 జూన్ 2001, సోమవారం. ఉదయం 11

పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళాను. షాపు ఇంకా తెరవలేదు, షట్టరు సగమే ఎత్తి ఉంది. చేతికి పట్టీతో ఆయన ఒక్కరే ఉన్నారు. టోనోమీటర్ పెట్టె చూసి, ఇవాళ క్యాంపేమీ లేదే అన్నారు. ఒక్కసారి పడుకుంటే కళ్ళు చూస్తానన్నాను. వెంటనే ఆ తెల్ల పరుపు మీద వెల్లకిలా పడుకున్నారు. దిండు తనే పక్కకి తోసుకున్నారు. నాలుగేళ్ళు నేను చేయించలేననుకున్న పని నిమిషంలో అయిపోయింది.

చుక్క వేశాను. కుడి కంటి మీద పెడితే ముల్లు కదల్లేదు. బరువు మార్చి మళ్ళీ పెట్టాను. 42. ఎడమది 34. నా చేయి వణకలేదు. ఎప్పుడూ వణకదు. అదొక్కటే నాకున్న గొప్ప.

ఆయన పడుకునే ఎంత అని అడిగారు. చెప్పాను. పోయినేడు ఎంత అని అడిగారు. పోయినేడు చూడలేదని చెప్పాను. ఏ ఏడూ చూడలేదని, గడి నింపడానికి రాశానని చెప్పాను. ఇంత సేపట్లో ఆయన లేవలేదు. పైకి చూస్తూనే ఉన్నారు.

"నేను పండుకోనని ఎన్నడన్న అన్ననా?"

లేదన్నాను.

"నువ్వు పండుకోమంటే పండుకుంటుంటి గదమ్మా. ఒక్కరన్న అడగలె."

 అరిచినా, చెప్పు తీసి కొట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది. ఆయన లేచి కూర్చుని, పట్టీ లేని చేత్తో దుప్పటి ముడతలు సరిచేశారు. తర్వాత అడిగారు.

"నాకొక్కనికేనా? ఇంకెవ్వలకన్న గిట్ల రాసినవా?"

మీ ఒక్కరికే అన్నాను.

అది కూడా అబద్ధమే. నిజం చెప్పడానికి వెళ్ళి అక్కడ కూడా ఒక అబద్ధం వదిలి వచ్చాను.


26 జూన్ 2001

పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాయి. చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ కాగితం నేనూ చూశాను. కుడి కంటిది మొత్తం నలుపు. ఎడమ కంటిది మధ్యలో పావలా అంత తెలుపు. తక్కినదంతా నలుపు. ఆ పావలా అంత చోటులోంచే ఈ మనిషి ఇన్నాళ్ళూ చార్టు చదివాడు, పోగులు లెక్కపెట్టాడు. చుక్కలు మొదలుపెట్టారు. అవి చాలవు, ఎడమ కంటికి ఆపరేషన్ చేయాలన్నారు.


29 జూన్ 2001

డాక్టర్ ప్రహ్లాద్‌గారికి అంతా చెప్పేద్దామని వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆయన నన్ను ఓదార్చారు. బసవయ్యగారు ఆయనకి ఫోన్ చేశారట. డాక్టరమ్మ ఏటా పడుకోమని బతిమాలిందని, పరువు పోతుందని తానే మొండికేశానని, నంబరు ఏదో ఒకటి రాయమని తానే ఒత్తిడి చేశానని చెప్పారట. అనురాగ్‌కీ అదే చెప్పారట. సేట్లతో ఇదే కష్టం, నీ తప్పేముంది మైథిలీ, అన్నారు ప్రహ్లాద్‌గారు.

కాదండీ అన్నాను. ఇంకేదో చెప్పబోయాను. ఆయన టీ తెప్పించారు.

ఎందుకలా చెప్పారని సాయంత్రం షాపుకెళ్ళి అడిగాను. బసవయ్యగారు ఎదురుగా ఉన్న తాను మీదనుంచి తల ఎత్తలేదు.

"నీ కార్డు జూటా అని బస్తీల తెలిస్తే, రేపు ఒక్కడన్న వచ్చి బెంచి మీద పండుకుంటడా? మా నాయిన పేరు మీద పెట్టిన క్యాంపది. ఇగ పో."

నన్ను కాపాడటానికి కాదన్నమాట. అలా అనుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గు లేకుండా.


9 ఆగస్టు 2001

ఆపరేషన్ అయింది. ఎదురుచూడాలి.


20 సెప్టెంబర్ 2001, గురువారం

ఆ పావలా అంతది కూడా పోయింది. ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళలో ఒక్కొక్కసారి అలా జరుగుతుందని ముందే చెప్పారట, సంతకం కూడా తీసుకున్నారట. నరంలో ఏమీ మిగల్లేదు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే అన్నారట.

విమలాదేవిగారు ఫైలు ఇంకా పూజగదిలోనే ఉంచారు. నేనే చూశాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చారు. మా ఆయన నీ మాట విని ఉంటే ఎంత బాగుండేదమ్మా అని ఏడ్చారు. నేను ఆవిడ వీపు నిమిరాను. ఇవే చేతులతో.


11 నవంబర్ 2001, ఆదివారం. సాయంత్రం 7

రంజాన్ మొదలయ్యేలోపు కావాలని ఈ ఏడు క్యాంపు ఒక వారం ముందుకు జరిపారు. ఆరు వందల మంది. సేటుకి చూపు పోయిందన్న వార్త బస్తీలన్నీ తిరిగింది. వేయి కరపత్రాలు చేయలేని పని అది చేసింది.

అనురాగ్ చేయి పట్టుకుని బసవయ్యగారు వచ్చారు. చార్టు దగ్గర కుర్చీ వేసి ఉంటే వద్దన్నారు. బెంచీ ఎక్కడని అడిగి, దండ తీసి కొడుకు చేతికిచ్చి, అందరి ముందూ పడుకున్నారు. ఆయనకిక పరీక్ష అక్కర్లేదు. అయినా చేయమన్నారు. చేశాను.  ఆ తర్వాత లైనులో ఒక్కళ్ళు కూడా పడుకోవడానికి మొహమాటపడలేదు. బురఖాలో వచ్చిన ముసలమ్మలు సైతం పేరు పిలవకముందే బెంచీ ఎక్కారు. ఈ ఏడు ప్రతి గడిలో ఉన్న ప్రతి నంబరూ నేను చూసి రాసిందే.

సాయంత్రం నాకు సన్మానం. సేటు జబ్బు కనిపెట్టిన డాక్టరమ్మకి శాలువా. వద్దని ఎంత చెప్పినా ప్రహ్లాద్‌గారు వినలేదు. శాలువా బసవయ్యగారి చేతుల మీదుగానే. ఆయన చేతులు నా తల వెతికాయి, తర్వాత భుజాలు వెతికాయి. నేను కదలకుండా నిలబడ్డాను. శాలువా కప్పుతూ నాకొక్కదానికే వినపడేలా అన్నారు.

"ఒక్కనికే అని చెప్పినవ్ గద. అబద్ధమని నాకు గప్పుడే ఎరుకైంది. గా తక్కినోళ్ళ ఇండ్లకు పో."

జనం చప్పట్లు కొట్టారు.


12 నవంబర్ 2001

రిజిస్టర్లన్నీ ముందేసుకున్నాను. నాలుగేళ్ళవి.

నేను ఊహించి రాసినవి ఏవో గుర్తుపట్టగలననుకున్నాను. చుక్కలు అయిపోయిన మధ్యాహ్నాలు. కళ్ళు గట్టిగా మూసేసి సహకరించని వాళ్ళు. పడుకోనివ్వనని మొగుడు అడ్డం పడ్డ ఆడవాళ్ళు. కానీ అందరికీ నేను రాసింది 17.3. నిజంగా చూసినవాళ్ళలో కూడా చాలామందికి వచ్చింది 17.3. రెండూ ఒకే సిరా, ఒకే చేతిరాత. ఏది చూసిందో ఏది చూడనిదో నాకే తెలియట్లేదు.

బసవయ్యగారు కాక, రెండు కళ్ళకీ 17.3 ఉన్నవాళ్ళు రెండు వందల పద్దెనిమిది మంది. అందరి దగ్గరికీ వెళ్ళాలి.


25 నవంబర్ 2001

రోజా ఉన్నవాళ్ళు ఉపవాసంలో కంట్లో చుక్క వేయించుకోం అన్నారు. పండగయ్యాక రమ్మన్నారు. కొందరు ఇళ్ళు మారిపోయారు. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకి పాత కార్డు తప్పని చెప్తున్నాను. తప్పు ఎవరిదని అడిగితే నాదని చెప్తున్నాను. ఒకాయన తలుపు మొహాన వేశాడు. క్యాంపు పరువు తీస్తున్నావని ఆగయ్య నాతో మాట్లాడటం మానేశాడు. బసవయ్యగారు మాత్రం ఇప్పటిదాకా ఎంతమంది అయ్యారని అడిగించారు.


13 జనవరి 2002, ఆదివారం

నలభై ఒక్క మంది అయ్యారు. ముప్ఫై తొమ్మిది మందికి బాగానే ఉంది. ఇద్దరికి ఎక్కువ ఉంటే ఆటో ఎక్కించి ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఇద్దరికీ చుక్కలతో నిలిచేలా ఉందన్నారు. సంగతి తెలిశాక ట్రస్టు నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. జీతం మాత్రం ఆపారు. లక్ష్మీకాంత్ మాట్లాడట్లేదు. సెలవు రోజుల్లో నేను బయల్దేరేముందు టిఫిన్ డబ్బా మాత్రం సర్ది పెడుతున్నారు.

ఇంకా నూట డెబ్భై ఏడు.


3 ఫిబ్రవరి 2002, ఆదివారం

ఫలక్‌నుమా, స్టేషన్ వెనక సందు. సోమయ్య, వయసు యాభై రెండు, 1998 క్యాంపు. తలుపు తట్టాను. లోపల ఏదో సత్తుగిన్నె దొర్లింది. చాలా సేపటికి గడియ తీశాడు. నా భుజం పక్కకి చూస్తూ ఎవరని అడిగాడు. చెప్పాను. గొంతు గుర్తుపట్టాడు. సంతోషించాడు. కార్డు భద్రంగా దాచుకున్నానని, తెస్తానని, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళాడు.